9-8తో ఆగిపోయిన బెంగాల్స్: మన బెర్తు వేరేవాళ్ళ మ్యాచ్ మీద ఎందుకు ఆధారపడాలి?

సిన్సినాటి_శీను
ఇప్పుడే టీవీ కట్టేశాను. మనసేమీ బాగోలేదు. ఇక్కడ నాలుగు ముక్కలు రాసుకుంటే కాస్త తేలికపడుతుందని వచ్చాను.

ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) 2024 సీజన్ మాకు అయిపోయింది, మా సిన్సినాటి బెంగాల్స్ 9 గెలుపులు, 8 ఓటములతో ఆగింది. నిన్న రాత్రి పిట్స్‌బర్గ్‌లో స్టీలర్స్ మీద 19-17తో గెలిచాం. వరసగా ఐదో గెలుపు. ఈరోజు ప్లేఆఫ్స్ (ఆఖరి నాకౌట్ రౌండ్లు) బెర్తుకి మాకు కావలసినవి రెండే రెండు. డెన్వర్‌లో బ్రాంకోస్ ఓడాలి, న్యూజెర్సీలో జెట్స్ చేతిలో డాల్ఫిన్స్ ఓడాలి. సాయంత్రం 4:25కి రెండు మ్యాచ్‌లూ ఒకేసారి మొదలయ్యాయి. టీవీలో ఒకటి, ల్యాప్‌టాప్‌లో ఒకటి పెట్టుకుని కూర్చున్నాను. మా పాప ఫ్రిజ్ తలుపుకి ఒక కాగితం అంటించి మూడు గళ్ళు గీసింది. బెంగాల్స్ గడిలో పొద్దున లేవగానే ఆరెంజ్ క్రేయాన్‌తో టిక్కు పెట్టింది. డాల్ఫిన్స్ 32-20తో ఓడింది, రెండో టిక్కు పడింది. మూడో గడి అలా ఖాళీగానే ఉండిపోయింది.

ఎందుకంటే 15 మ్యాచ్‌లు గెలిచిన కాన్సాస్ సిటీ చీఫ్స్ బ్రాంకోస్ చేతిలో 38-0తో ఓడిపోయింది. ఒక్క పాయింటు చేయలేదు! నంబర్ వన్ సీడ్ (ప్లేఆఫ్స్‌లో మొదటి ర్యాంకు) క్రిస్మస్ రోజే ఖాయమైపోయింది కాబట్టి వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ (పాసులు వేసే ముఖ్య ఆటగాడు) మహోమ్స్‌ని ఆడించలేదు, కార్సన్ వెంట్జ్‌ని దింపారు. మా సీజన్ మొత్తం వాళ్ళ సబ్‌స్టిట్యూట్‌ల చేతిలో పెట్టినట్టయింది. ఇది న్యాయమేనా? మీరే చెప్పండి.

ఫ్రిస్కో_రవి
అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటే ఇదే అన్నా. పాసింగ్ యార్డుల్లో (పాసులతో ముందుకెళ్ళిన గజాల్లో) మీ క్వార్టర్‌బ్యాక్ బర్రో టాప్, 4,918. టచ్‌డౌన్ (బంతిని అవతలి గీత దాటించి చేసే ఆరు పాయింట్ల స్కోరు) పాసులు 43, అందులోనూ టాప్. క్యాచ్‌లు, యార్డులు, టచ్‌డౌన్లు మూడింట్లో జమార్ చేజ్ టాప్. శాక్‌లలో (పాస్ వేయకముందే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడంలో) హెండ్రిక్సన్ టాప్. అయినా జట్టు ఇంటిముఖం పట్టింది.

డెన్వర్_లావణ్య
శీను గారి బాధ అర్థమవుతుంది, కానీ మేం గెలిచింది సబ్‌స్టిట్యూట్‌ల మీదే అని తీసిపారేయకండి. బో నిక్స్ 29 పాసులు వేస్తే 26 చేరాయి, 321 యార్డులు, 4 టచ్‌డౌన్లు. మా జట్టు 2015 సీజన్‌లో సూపర్ బౌల్ గెలిచాక ప్లేఆఫ్స్ మొహం చూడటం ఇదే మొదటిసారి. ఈరోజు స్టేడియంలో పక్క సీటు పెద్దాయన ఆఖరి నిమిషంలో కళ్ళు తుడుచుకుంటూ నిలబడ్డారు. నాకూ ఆగలేదు.

చీఫ్స్ సంగతికొస్తే, డిసెంబర్‌లో 11 రోజుల్లో మూడు మ్యాచ్‌లు ఆడారు వాళ్ళు. అందులో మొదటిదాంట్లోనే మహోమ్స్ చీలమండ బెణికింది. సీడ్ ఖాయమయ్యాక విశ్రాంతి ఇవ్వడం తప్పెలా అవుతుంది? ఆ విశ్రాంతి వాళ్ళు సంపాదించుకున్నదే.

కొత్తగా_చూస్తున్నా
మధ్యలో అడ్డొస్తున్నందుకు క్షమించండి. నేను అమెరికా వచ్చి ఏడాదే అయింది, ఈ సీజన్ నుంచే చూస్తున్నాను. బ్రాంకోస్ ఓడి ఉంటే వాళ్ళకీ 9 గెలుపులే కదా, బెంగాల్స్‌కీ 9. మరి బెంగాల్సే ఎలా వెళ్ళేది? డాల్ఫిన్స్ ఎందుకు ఓడాలి? నంబర్ వన్ సీడ్‌కి అంత విలువ ఎందుకు?

లెక్కల_మాస్టారు
మంచి ప్రశ్న తమ్ముడూ. కాస్త నింపాదిగా చెబుతాను.

32 జట్లు, రెండు కాన్ఫరెన్స్‌లు. ఒక్కో కాన్ఫరెన్స్‌లో నాలుగు డివిజన్లు, డివిజన్‌కి నాలుగు జట్లు. కాన్ఫరెన్స్ నుంచి ఏడు జట్లు ప్లేఆఫ్స్‌కి వెళ్తాయి. డివిజన్ గెలిచిన నాలుగూ మొదటి నాలుగు సీడ్లు. మిగతా వాటిలో మెరుగైన మూడు వైల్డ్ కార్డులు. 2020 నుంచి మొదటి సీడ్‌కి మాత్రమే బై ఉంది, అంటే ఆ ఒక్క జట్టు మొదటి వారం ఆడకుండానే రెండో రౌండ్‌కి వెళ్తుంది. ఆ తర్వాత సూపర్ బౌల్ వరకు సొంత ఊళ్ళోనే ఆడుతుంది. అందుకే దానికి అంత విలువ.

ఇక గెలుపులు సమానమైతే. వేర్వేరు డివిజన్ల జట్లయితే ముందు చూసేది వాళ్ళిద్దరి మధ్య మ్యాచ్. మొన్న డిసెంబర్ 28న బెంగాల్స్ ఓవర్‌టైమ్‌లో బ్రాంకోస్ మీద 30-24తో గెలిచింది. కాబట్టి ఇద్దరే 9-8 దగ్గర నిలిచి ఉంటే బెర్తు బెంగాల్స్‌దే. డాల్ఫిన్స్ కూడా గెలిచి ముగ్గురూ 9-8 అయితే మాత్రం కథ మారిపోతుంది. ముగ్గురిలో ఒకరు మిగతా ఇద్దరినీ ఓడించి ఉండాలి. అలా ఎవరూ లేరు, బెంగాల్స్, డాల్ఫిన్స్ అసలు తలపడనే లేదు. అప్పుడు కాన్ఫరెన్స్ లోపలి రికార్డు చూస్తారు. డాల్ఫిన్స్ 7-5, బెంగాల్స్ 6-6, బ్రాంకోస్ 5-7 అయ్యేవి. బెర్తు డాల్ఫిన్స్‌కి పోయేది. అందుకే శీను ఫ్రిజ్ మీద మూడు గళ్ళు.

కొత్తగా_చూస్తున్నా
ఇప్పుడు అర్థమైంది మాస్టారూ. టీవీలో అంకెల పట్టిక చూపిస్తుంటే ఏదో పంచాంగం చూస్తున్నట్టుండేది.

సిన్సినాటి_శీను
మాస్టారూ, లెక్క సరే. న్యాయం సంగతి చెప్పండి. రెండు మ్యాచ్‌లూ ఒకే టైముకి పెట్టారు, బాగుంది, ఎవరూ ఎవరి ఫలితమూ చూసి ఆడకూడదని. మరి ఒక జట్టు పూర్తి బలంతో ఆడకపోతే ఆ జాగ్రత్తంతా దేనికి?

నైట్‌షిఫ్ట్_హైదరాబాద్
ఇక్కడ తెల్లవారుజామున 2:55కి మొదలైంది మ్యాచ్. షిఫ్ట్ అయ్యాక క్యాబ్‌లోనే ఫోన్‌లో చూశాను. ఇంటికొచ్చేసరికి బ్రాంకోస్ స్కోరు చూసి మ్యాచ్ అయిపోయిందనిపించింది.

నా సందేహం ఒకటి. మనకి ఐపీఎల్‌లో నెట్ రన్‌రేట్ ఉంది కదా, ఇక్కడ పాయింట్ల తేడా ఎందుకు చూడరు? 2019లో మన సన్‌రైజర్స్ 12 పాయింట్లతోనే ప్లేఆఫ్స్‌కి వెళ్ళింది గుర్తుందా? కోల్‌కతా, పంజాబ్‌లకీ అవే 12. రన్‌రేట్ మనల్ని గట్టెక్కించింది. మొన్న 2024 మే 18న బెంగళూరు చెన్నైని 18 పరుగుల తేడాతో ఓడించాల్సి వస్తే 27 తేడాతో ఓడించి లోపలికెళ్ళింది. ఆ రాత్రి ఆఖరి ఓవర్లో చెన్నై గెలవాల్సిన అవసరం కూడా లేదు, 201 కొడితే చాలు. ప్రతి పరుగుకీ విలువ ఉంది. అది కదా మజా.

లెక్కల_మాస్టారు
ఇక్కడ పాయింట్ల తేడా ఉంది కానీ వరసలో చాలా కింద. దానికంటే ముందు కాన్ఫరెన్స్ రికార్డు, ఉమ్మడి ప్రత్యర్థుల మీద రికార్డు, నువ్వు ఓడించిన జట్లకి ఎన్ని గెలుపులున్నాయి, నువ్వు ఆడిన జట్లకి ఎన్ని ఉన్నాయి, ఇవన్నీ వస్తాయి. అన్నీ సమానమైతే ఆఖరికి బొమ్మా బొరుసా. నాకైతే ఇదే నచ్చుతుంది. ఫుట్‌బాల్‌లో 30 పాయింట్ల ఆధిక్యం ఉన్నాక ఇంకా స్కోరు పెంచడం కోసం ఆడితే ఇరువైపులా గాయాలే మిగులుతాయి.

నైట్‌షిఫ్ట్_హైదరాబాద్
ఒప్పుకోను మాస్టారూ. నేను ఓడించిన జట్టు వేరేవాళ్ళ మీద ఎన్ని గెలిచిందన్నది నా చేతిలో ఉంటుందా? రన్‌రేట్ అయితే పూర్తిగా నా ఆటే.

లెక్కల_మాస్టారు
ఆ మాటకి ఈ ఏడాదే ఉదాహరణ ఉంది, నీ వాదనకే బలం. ర్యామ్స్, సీహాక్స్ చూడు. ఇద్దరికీ చివరికి 10-7. ముఖాముఖి చెరొకటి. డివిజన్‌లో సమానం. కాన్ఫరెన్స్‌లో సమానం. ఓడించిన జట్ల బలం దగ్గర ర్యామ్స్ ముందుంది. వాళ్ళు ఓడించిన వాళ్ళలో వైకింగ్స్, బిల్స్ ఉన్నాయి మరి. డిసెంబర్ 29 రాత్రి కమాండర్స్ ఓవర్‌టైమ్‌లో ఫాల్కన్స్‌ని 30-24తో ఓడించింది. ఫాల్కన్స్ ఎవరు? అక్టోబర్‌లో సీహాక్స్ ఓడించిన జట్టు. ఫాల్కన్స్ ఓడేసరికి సీహాక్స్ గెలుపుల విలువ తగ్గి, ఇంట్లో కూర్చున్న ర్యామ్స్‌కి డివిజన్ టైటిల్ వచ్చేసింది. ఈరోజు సీహాక్స్ 30-25తో ర్యామ్స్‌ని ఓడించినా లాభం లేకపోయింది. ఆ మ్యాచ్‌లో ర్యామ్స్ కూడా ముఖ్యమైన వాళ్ళకి విశ్రాంతి ఇచ్చింది.

ఫ్రిస్కో_రవి
మధ్యవర్తి లేకుండా పెళ్ళి కుదిరినట్టుంది ర్యామ్స్‌కి!

డెట్రాయిట్_కిరణ్
ఇంకో పది నిమిషాల్లో మా మ్యాచ్. లయన్స్ 14-2, వైకింగ్స్ 14-2. గెలిచినవాడికి మొదటి సీడ్, బై, సొంత ఊరు. ఓడినవాడు 14-3తో ఐదో సీడ్, 10-7 ఉన్న ర్యామ్స్ దగ్గరికి వెళ్ళి ఆడాలి. ఒక్క రాత్రికి ఇంత తేడా. చేతులు వణుకుతున్నాయి.

శీను అన్నా, విశ్రాంతి గురించి నాదో మాట. 2023 జనవరి 8. మేం ప్యాకర్స్ సొంత స్టేడియం లాంబోలో వాళ్ళతో రాత్రి మ్యాచ్ ఆడాలి. సాయంత్రం సీహాక్స్ ఓవర్‌టైమ్‌లో ర్యామ్స్‌ని 19-16తో ఓడించడంతో మా ఆశ అక్కడే ముగిసింది. అంటే కిక్కాఫ్‌కి ముందే మేం అవుట్. అయినా మా వాళ్ళు ప్రాణం పెట్టి ఆడి 20-16తో ప్యాకర్స్‌ని ఓడించారు, వాళ్ళనీ ఇంటికి పంపారు. పోయేదేమీ లేని జట్టు ఎలా ఆడాలో ఆరోజు చూశాం. ఈ రోజు మేం ఇక్కడున్నామంటే దానికి పునాది ఆ రాత్రి పడిందే అంటాను నేను.

సిన్సినాటి_శీను
అదే కదా నేనంటున్నది కిరణ్! అలా ఆడాలి.

డెన్వర్_లావణ్య
కానీ ఆ లయన్స్‌కి తర్వాతి వారం మ్యాచ్ లేదు కదా. చీఫ్స్‌కి ఉంది. రెండూ ఒకటెలా అవుతాయి?

ఇర్వైన్_ప్రసాద్
9-8తో బయట కూర్చోవడమంటే ఏంటో చార్జర్స్ అభిమానిని నన్నడగండి. 2022 జనవరి 9, లాస్ వేగాస్, రైడర్స్‌తో ఆఖరి మ్యాచ్. ఆ పొద్దున జాగ్వార్స్ చేతిలో కోల్ట్స్ ఓడింది, స్టీలర్స్ గెలిచింది. దాంతో ఎలాంటి సమీకరణం వచ్చిందంటే, మేం, రైడర్స్ టై చేసుకుంటే ఇద్దరికీ బెర్తు, స్టీలర్స్ అవుట్. గెలుపు ఓటములు తేలితే ఓడినవాడు ఇంటికి.

నాలుగో క్వార్టర్‌లో 15 పాయింట్లు వెనకబడ్డాం. మా క్వార్టర్‌బ్యాక్ హెర్బర్ట్ వరసగా నాలుగో డౌన్లు (పది గజాలు దాటడానికి దొరికే నాలుగు ప్రయత్నాల్లో ఆఖరివి) దాటుకుంటూ వచ్చి టైము అయిపోయే క్షణంలో టచ్‌డౌన్ పాస్ వేశాడు. 29-29. ఓవర్‌టైమ్‌లో చెరో ఫీల్డ్ గోల్ (కాలితో తన్ని చేసే మూడు పాయింట్ల స్కోరు), 32-32. ఇంకో 38 సెకన్లు అలా గడిచిపోతే ఇద్దరమూ లోపల. మా కోచ్ స్టేలీ టైమవుట్ తీసుకున్నాడు. తర్వాతి ఆటలో రైడర్స్ పది గజాలు పరిగెత్తింది. వాళ్ళ కిక్కర్ కార్ల్‌సన్ 47 గజాల నుంచి తన్నాడు, 35-32. మా ఇంట్లో ఇప్పటికీ ఆ టైమవుట్ మీద వాదన జరుగుతూనే ఉంటుంది. మా తమ్ముడు డిఫెన్స్ సర్దుకోవడానికే అంటాడు. నేను ఒప్పుకోను.

స్టీల్‌సిటీ_మాధవి
ప్రసాద్ గారూ, ఆ 38 సెకన్లు మా ఊళ్ళో అందరూ నిలబడే చూశారు. మా బెర్తు మీ చేతుల్లో ఉంది మరి.

టై ఎంత పని చేస్తుందో 2018లో మాకు తెలిసింది. సెప్టెంబర్‌లో మొదటి మ్యాచ్ క్లీవ్‌లాండ్‌లో బ్రౌన్స్‌తో 21-21 టై. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. డిసెంబర్ 30న ఆఖరి మ్యాచ్‌లో బెంగాల్స్‌ని 16-13తో ఓడించాం. 9-6-1. ఇక బాల్టిమోర్‌లో రేవెన్స్ మీద బ్రౌన్స్ గెలిస్తే డివిజన్ మాది. నేను ఆరోజు స్టేడియంలోనే ఉన్నాను. మ్యాచ్ అయిపోయింది, ఒక్కరూ కదల్లేదు. ఆటగాళ్ళు కూడా లోపలికి వెళ్ళకుండా హెల్మెట్లు చేతుల్లో పట్టుకుని మైదానంలోనే నిలబడి పెద్ద తెర మీద ఆ మ్యాచ్ చూశారు. పసుపు తువ్వాళ్ళు మెడలో వేసుకున్న జనమంతా ఆరోజు బ్రౌన్స్ అభిమానులే! రేవెన్స్ 26-24తో ముందుంది, బంతి బ్రౌన్స్ దగ్గరుంది, ఫీల్డ్ గోల్ దూరానికి ఇంకాస్తే. బ్రౌన్స్ క్వార్టర్‌బ్యాక్ మేఫీల్డ్ వేసిన పాస్ రేవెన్స్ ఆటగాడు మోస్లీ చేతిలో పడింది. అంతమంది ఒకేసారి మాట్లాడటం మానేస్తే ఎలా ఉంటుందో అప్పుడు విన్నాను. సెప్టెంబర్ నాటి ఆ టై గెలుపై ఉంటే పదో గెలుపు వచ్చేది, ఆ తెర వంక చూసే అవసరమే ఉండేది కాదు.

లెక్కల_మాస్టారు
మాధవి గారు సరిగ్గా అసలు చోటికి తెచ్చారు. శీనూ, నీ బాధ కాదనను, కానీ ఈ లెక్క ఒకసారి చూడు. బ్రాంకోస్ ముగించింది 10-7 దగ్గర. బెంగాల్స్‌కి ఇంకొక్క గెలుపు ఉంటే అదీ 10-7. ముఖాముఖిలో బ్రాంకోస్ మీద గెలిచారు. అంటే ఈరోజు చీఫ్స్ ఎలా ఆడినా బెర్తు మీదే.

ఆ ఒక్క గెలుపు ఎక్కడ పోయింది? ఎనిమిది ఓటముల్లో ఈగల్స్ చేతిలో ఓడింది ఒక్కటే పెద్దది, 37-17. మిగతా ఏడూ ఏడు పాయింట్లు, అంతకంటే తక్కువ తేడాతో ఓడినవే. పేట్రియట్స్ మీద 16-10. చీఫ్స్ మీద 26-25. కమాండర్స్ 38-33. రేవెన్స్ ఓవర్‌టైమ్‌లో 41-38, మళ్ళీ రేవెన్స్ 35-34. చార్జర్స్ 34-27. స్టీలర్స్ 44-38. ఏడు ఓటముల తేడాలు కూడితే 29 పాయింట్లు. వాటిలో నాలుగు మ్యాచ్‌ల్లో మీరు 33, అంతకంటే ఎక్కువ కొట్టి ఓడారు. డిఫెన్స్ గురించి అడగాల్సిన ప్రశ్న ఇది. కాన్సాస్ సిటీని అడగాల్సింది కాదు.

సిన్సినాటి_శీను
...

సెప్టెంబర్ 15న చీఫ్స్ మ్యాచ్ నాకు కళ్ళకి కట్టినట్టుంది మాస్టారూ. రెండు పాయింట్ల ఆధిక్యం మాది. వాళ్ళకి నాలుగో డౌన్, 16 గజాలు కావాలి. మా కుర్రాడు క్యాచ్ పట్టనీయకుండా ముందే తగిలాడు, ఫౌల్ అని పసుపు జెండా పడింది. తర్వాత వాళ్ళ కిక్కర్ బట్కర్ 51 గజాల నుంచి తన్నాడు, అంతే. ఆరోజు రెండో వారమే కదా, ఇంకా 15 ఉన్నాయి అనుకుని టీవీ కట్టేసి పప్పు పోపు పెట్టుకోవడానికి లేచాను.

ఫ్రిస్కో_రవి
డిఫెన్స్ మాట నిజం. మా కౌబాయ్స్ 2011, 2012, 2013 మూడేళ్ళూ 8-8. మూడేళ్ళూ ఆఖరి మ్యాచ్ గెలిస్తే డివిజన్ మాదే. జెయింట్స్, వాషింగ్టన్, ఈగల్స్, వరసగా ముగ్గురి చేతిలో ఓడాం. మా బెర్తు మా చేతుల్లోనే ఉంది మరి, ఏం చేశాం? ఇక్కడ పిల్లలు బడికి జెర్సీలు వేసుకెళ్ళి మర్నాడు మామూలు చొక్కాలతో వెళ్ళారు.

లెక్కల_మాస్టారు
విశ్రాంతి మీద ఇంకో సంగతి. ఇది బెంగాల్స్ చరిత్రే. 2009 సీజన్‌లో కోల్ట్స్ 14-0 ఉండగా జెట్స్ మ్యాచ్‌లో ముఖ్యమైన వాళ్ళని మధ్యలో బయటికి తీసింది, జెట్స్ 29-15తో గెలిచింది. మరుసటి వారం, 2010 జనవరి 3న, డివిజన్ ముందే ఖాయం చేసుకున్న బెంగాల్స్ అదే జెట్స్ చేతిలో 37-0తో ఓడింది. ఆ గెలుపుతో జెట్స్ లోపలికొచ్చింది. మళ్ళీ వారం తిరక్కుండానే సిన్సినాటికి వచ్చి 24-14తో బెంగాల్స్‌నే ఇంటికి పంపింది. ఆ తర్వాతి ఏడాది నుంచే ఆఖరి వారం మ్యాచ్‌లన్నీ ఒకే డివిజన్ జట్ల మధ్య పెడుతున్నారు, పట్టుదలగా ఆడతారని.

సిన్సినాటి_శీను
37-0 సంగతి తెలియదు. నేను 2014లో వచ్చాను ఇక్కడికి.

బఫెలో_బాబాయ్
ఇంతసేపూ చదువుతున్నాను. శీనూ, నీకొకటి చెప్పాలి.

2017 డిసెంబర్ 31. మా బిల్స్ 17 ఏళ్ళుగా ప్లేఆఫ్స్ చూడలేదు. మయామీలో డాల్ఫిన్స్‌ని 22-16తో ఓడించాం. ఇక బాల్టిమోర్‌లో రేవెన్స్ ఓడితే మేం లోపల. రేవెన్స్‌తో ఆడుతున్నది ఎవరో తెలుసా? మీ బెంగాల్స్. అప్పటికే అవుట్ అయిపోయిన జట్టు. వాళ్ళకి అందులో ఏమీ లేదు. 44 సెకన్లున్నాయి, నాలుగో డౌన్, 12 గజాలు కావాలి. మీ క్వార్టర్‌బ్యాక్ ఆండీ డాల్టన్ మధ్యలోకి వేశాడు, టైలర్ బాయ్డ్ పట్టుకుని 49 గజాలు, టచ్‌డౌన్. 31-27. మా వీధిలో ఆ చలిలో జనం చెప్పుల్లేకుండా బయటికి వచ్చేశారు. మీ పిన్ని పాయసం గిన్నె పొయ్యి మీదే వదిలేసి వచ్చింది, అడుగంటింది.

మర్నాడు ఊరంతా డాల్టన్ ఫౌండేషన్‌కి డబ్బు పంపారు, సిన్సినాటిలో జబ్బుపడిన పిల్లల కోసం పనిచేస్తుంది అది. చాలామంది 17 డాలర్ల చొప్పున పంపారు, 17 ఏళ్ళకి గుర్తుగా. నేనూ పంపాను. ఆ రసీదు ఇంకా నా దగ్గరుంది.

కాబట్టి నువ్వడిగింది అన్యాయమేమీ కాదు. ఈరోజు మీకు ఎవరూ అలా ఆడి పెట్టలేదు. మాకు మీవాళ్ళు ఆడి పెట్టారు.

సిన్సినాటి_శీను
బాబాయ్, ఇది చదివి మా ఆవిడకి, పాపకి వినిపించాను. పాప ‘అయితే మనం బఫెలోకి సపోర్ట్ చేద్దామా’ అంటోంది.

డెన్వర్_లావణ్య
అయ్యో! ఆదివారం మా మ్యాచ్ బఫెలోతోనే!

బఫెలో_బాబాయ్
రామ్మా లావణ్యా, మంచు కోట్లు తెచ్చుకోండి. ఒంటిగంటకి మ్యాచ్.

డెట్రాయిట్_కిరణ్
31-9!! గిబ్స్ నాలుగు టచ్‌డౌన్లు! మొదటి సీడ్ మాదే! ఇక్కడ జనం కుర్చీలెక్కి అరుస్తున్నారు, ఏమీ వినబడటం లేదు. వైకింగ్స్ 14 గెలిచి ఐదో సీడ్, పాపం.

నైట్‌షిఫ్ట్_హైదరాబాద్
కంగ్రాట్స్ కిరణ్ అన్నా. ఇక్కడ పదిన్నర దాటింది, నేను పడుకోవాలి. మాస్టారూ, రన్‌రేట్ వాదన ఇంకా అయిపోలేదు, లేచాక వస్తా.

స్టీల్‌సిటీ_మాధవి
శనివారం రాత్రి మేం బాల్టిమోర్‌లో రేవెన్స్‌తో. నాలుగు వరసగా ఓడి వెళ్తున్నాం. ఎవరైనా ఒక దీపం పెట్టండి.

సిన్సినాటి_శీను
ఫ్రిజ్ మీద కాగితం తీసేద్దామంటే పాప ఒప్పుకోలేదు. మూడో గడిలో టిక్కు బదులు నీలం క్రేయాన్‌తో ఎద్దు బొమ్మ వేసింది, అదే బిల్స్ గుర్తట. కొమ్ములు మాత్రం ఆరెంజ్‌లో పెట్టింది.